వదిన బీపీ

మా వదిన కుడికంటి ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ ఒకటే కారణం. అబిడ్స్‌లో మేం వెళ్ళే కంటి దవాఖానలో సిస్టర్ ఆమె చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టడం, మిషన్ మీద అంకెలు పైకి పరుగెత్తడం. మొదటి శనివారం నూట తొంభై. రెండో శనివారం రెండు వందలు. "గింత బీపీ ఉంటే కన్ను ముట్టరమ్మా, తగ్గినంక రాండ్రి" అని పంపేశారు. ఇంట్లో, నేను ఆఫీసు నుంచి వచ్చి సాయంత్రం పూట చూస్తే మాత్రం ఏ రోజూ నూట నలభై దాటేది కాదు.

వదిన అంటే మా వారి అక్క, మాతోనే ఉంటుంది. నాకన్నా పధ్నాలుగేళ్ళు పెద్ద. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ణి తనే పెంచింది, ఆ పెంపకంలో పడి పెళ్ళి మాట మరిచిపోయింది. సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణాల వెనక సందులో ఒక ఇరుకు గది, ఒక కుట్టుమిషన్. అక్కడ చీరలకు ఫాల్ కుడుతుంది, పికో చేస్తుంది. చీర రంగుకి ఫాల్ కలవాలి, ఫాల్ రంగుకి దారం కలవాలి. గోడ నిండా దారపు ఉండలే. అన్నేళ్ళూ వదిన రంగు పేరు అడిగి ఎరగదు, చీర చూసి సరాసరి ఆ ఉండ మీదే చెయ్యి వేసేది.

అలాంటి మనిషి కిందటేడు నెమలికంఠం చీరకు ఆకుపచ్చ ఫాల్ కుట్టి ఇచ్చింది. చీర తెచ్చినావిడ ఏమీ అనలేదు, మడత పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత వదిన మూడు రోజులు దుకాణం తెరవలేదు. డాక్టరు చూసి కుడికన్ను పొర బాగా ముదిరింది, ఎడమదీ మొదలైంది, ఇంకా నానబెడితే ఆపరేషనే కష్టమవుతుంది అన్నాడు. తిండికి లోటు లేదు, మేం ఉన్నాం. కానీ మిషన్ ముందు నుంచి లేపేస్తే వదిన ఏమైపోతుందో నేను ఊహించుకోలేను. మా వారు ఉద్యోగం మీద నెలలో ఇరవై రోజులు ఊళ్ళు తిరుగుతుంటారు కనక ఈ బాధ్యత నా మీద పడింది. పడింది అనడం కూడా అబద్ధమే, నేనే లాక్కున్నాను.

నేను గాభరా మనిషిని. దానికి కారణం కూడా ఉంది. మా తాతగారు బందరు మనిషి. యాభై ఆరులో కర్నూలు నుంచి ఆఫీసు ఫైళ్ళతోపాటు హైదరాబాదు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా నాన్న ఇక్కడే మాస్టారుగా పనిచేశారు. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఆయనకూ కంటి ఆపరేషన్ అయింది. ఆయనకి షుగరుందన్న సంగతి ఆపరేషన్‌కి ముందు డాక్టరుకి తెలియలేదు. కన్ను చీము పట్టింది, పోయింది. రెండోది అంతకుముందే మసక. పుస్తకం లేకుండా అన్నం తినని మనిషి, ఆ తర్వాత బతికిన పదకొండేళ్ళలో ఒక్క అక్షరం చదవలేదు. అప్పటి నుంచీ ఇంట్లో ఎవరి ఒంటి సంగతైనా వాళ్ళకన్నా ముందు నాకు తెలిసి ఉండాలి. గన్‌ఫౌండ్రీలో నా ఉద్యోగం కూడా అలాంటిదే, బీమా ఆఫీసులో క్లెయిముల సెక్షన్. ఎదుటివాళ్ళు నోరు తెరిచేలోపు సగం ఫారం నేనే నింపేస్తాను.

ఇంట్లో ఉండని బీపీ దవాఖానలో ఎందుకు వస్తోంది? తెల్లకోటు చూసి టెన్షన్ పడుతోంది, అంతే. ఈ తీర్పు నేనే ఇచ్చాను, వదినను అడగలేదు. టెన్షన్‌కి మందు కూడా నా దగ్గర సిద్ధంగా ఉంది. పని ఒత్తిడి ఎక్కువైందని ఆ మధ్య మా ఆఫీసులో ఒకాయన్ని పిలిపించి మూడు గంటలు క్లాసు పెట్టించారు. రోజువారీ ఆందోళన తగ్గించుకునే తేలిక పద్ధతులట. ఆయన పంచిన కాగితం బ్యాగులో నలిగిపోయి ఉంటే తీసి, సాపు చేసి, ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఆపరేషన్‌కి ఇచ్చిన మూడో తేదీకి రెండు వారాలు గడువుంది. సోమవారం నుంచే మొదలుపెట్టాం.

మొదటిది ఊపిరి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చాలి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి. వదినను కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. ఆమె తన తీరున పీల్చి తన తీరున వదిలేసింది. "అలా కాదు వదినా, ఆరు దాకా వదలాలి. మీరు నాలుగుకే ఆపేశారు. నెమ్మదిగా వదలండి, నెమ్మదిగా" అన్నాను. మూడోసారి అన్న 'నెమ్మదిగా' పక్కవాటా వాళ్ళకి కూడా వినబడి ఉంటుంది.

"నువ్వు గట్ల ఒర్రుతుంటే నేను నెమ్మదిగ ఎట్ల పీల్చాలె పిల్లా?" అంది వదిన.

రెండోది పిడికిళ్ళు. గట్టిగా బిగించి, అయిదు లెక్కపెట్టి, ఒక్కసారి వదిలేయాలి. తర్వాత భుజాలు, తర్వాత కాళ్ళు. వదిన బుద్ధిగా చేసింది. చేసి, అరిచేతులు తిరగేసి చూసుకుని, "నలభై ఏండ్ల సంది కత్తెర పట్టిన చేతులివి. వీటికి ముడుసుకునుడు నేర్పుతున్నవా" అంది. మూడోది చుట్టూ చూసి కనిపించిన అయిదు వస్తువుల పేర్లు చెప్పడం. మనసు భయాన్ని వదిలి వస్తువుల మీదికి పోతుందని కాగితంలో రాసి ఉంది. "అయిదు చెప్పండి వదినా" అన్నాను. ఆమె గోడవైపు, కిటికీవైపు చూసింది. "అయిదు కనవడితే ఆపరేషన్ ఎందుకు బిడ్డా" అంది. నవ్వాల్సిన మాట. నాకు ఒళ్ళు మండింది. ఆ కాగితాన్ని కాదు, దాన్ని ఆమె ముందు పెట్టిన నన్ను నేను తిట్టుకోవాలి. కానీ ఆ రాత్రి అన్నం దగ్గర కూడా వదిన మీదే విసుక్కున్నాను.

నాలుగోది నిదానంగా నడవడం. ఒక బుధవారం సాయంత్రం నాంపల్లిలో మా సందులోంచి బయల్దేరి మొజంజాహీ మార్కెట్ దాకా నడిపించాను. ఆ వేళకి ఆ రోడ్డు మీద నిదానం అనే మాటకి అర్థం లేదు. బస్సులు, ఆటోలు, ఫుట్‌పాత్ మీదకి ఎక్కే బండ్లు. ఆమె మోచెయ్యి పట్టుకుని ఇటు లాగి అటు లాగి, "కాళ్ళ మీద ధ్యాస పెట్టండి వదినా, ఏమీ ఆలోచించకండి" అంటూ తీసుకెళ్ళాను. మార్కెట్‌లో వదిన రాతిమెట్టు మీద కూర్చుని సీతాఫలం ఐస్‌క్రీమ్ అరగంట సేపు తింది. నాది మూడు చెంచాల్లో అయిపోయింది. ఖాళీ కప్పు పట్టుకుని ఇంక లేద్దామా, లేద్దామా అని నాలుగుసార్లు అడిగాను. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

అసలు సంగతి నాకు అప్పటికే తట్టాల్సింది. ఒకరోజు ఆఫీసు నుంచి తిన్నగా సుల్తాన్ బజార్ వెళ్ళాను. వదిన ఒక కంటితోనే ఏదో తెల్లచీరకు తెల్ల ఫాల్ కుడుతోంది. రంగు కలపాల్సిన పని లేదు కనక అవే ఒప్పుకుంటోంది. అంచు సగం మూర కుట్టి మిషన్ ఆపింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది, ఊపిరి వదిలింది, కాసేపు ఊరికే కూర్చుంది. మళ్ళీ సగం మూర, మళ్ళీ ఆపింది. "ఏమైంది, కనిపించడం లేదా?" అని అడిగాను. "కుట్టుకుంట కుట్టుకుంట ఊపిరి ఇడుస్తే అంచు వంకర పోతది. ఆపి ఇడ్వాలె. మా ఉస్తాద్ జెప్పిండు" అంది. నేను గడియారం చూసుకున్నాను. ఊపిరి ఎలా వదలాలో నేను నేర్పుతున్నది ఎవరికో ఆ క్షణంలో నా బుర్రకి ఎక్కలేదు.

మూడో శనివారం వచ్చింది. ఆ దవాఖానలో మంగళవారాలు కూడా ఆపరేషన్లు చేస్తారు. శనివారం నాకు సెలవు కనక మూడుసార్లూ ఆ రోజే నేను ఖాయం చేశాను. పొద్దున ఆరింటికి రోజూలాగే వదిన బీపీ గోలీని చిన్న స్టీలు పళ్ళెంలో వేసి, పక్కన మంచినీళ్ళు పెట్టి స్నానానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పళ్ళెం ఖాళీ. ఖాళీ పళ్ళెం చూస్తే నా ప్రాణానికి హాయి. ఆటోలో దారంతా "ఊపిరి వదినా, ఊపిరి" అంటూనే ఉన్నాను. నా అరిచేతులు తడిసి బ్యాగు పట్టీ జారుతోంది. ఈసారి కూడా తిప్పి పంపితే డాక్టరు ఇంక తేదీ ఇస్తాడో లేదో అని రాత్రంతా నిద్ర లేదు.

సిస్టర్ కొత్తావిడ. వయసు మీదపడిన మనిషి, తొందర లేదు. పట్టీ కట్టి చూసింది. నూట తొంభై ఆరు. ఆవిడ కాగితం తీసి, "పొద్దుగాల గోలీ ఏస్కున్నరా?" అని అడిగింది.

"వేసుకున్నారండీ, ఆరింటికి" అన్నాను నేను.

"రాత్రి నిద్ర పట్టిందా?"

"పట్టిందండీ. కొంచెం టెన్షన్ మనిషి, అందుకని..."

సిస్టర్ కలం ఆపి నా వైపు చూసింది. "మేడమ్, కన్ను మీదా ఆమెదా? మీరు జర బయట కూసోండ్రి" అంది. తలుపు లేదు, ఆకుపచ్చ తెర ఒకటే. తెర ఇవతల నిలబడ్డాను. ఆవిడ మొదటి ప్రశ్న మళ్ళీ అడిగింది.

"లే. ఏస్కోలే" అంది వదిన.

"ఎందుకేస్కోలే అమ్మా?"

"ఇయ్యాల శనివారం గద. నాకు ఒక్కపొద్దు. పొద్దుగూకినంక ఒక్కపూట తింట. తిన్నంకనే గోలీ ఏస్కోవాలని డాక్టర్ సాబ్ జెప్పిండు. తినకుంట ఎట్ల ఏస్కోవాలె?"

"పోయినసారి వచ్చినప్పుడు?"

"గప్పుడు గూడ శనివారమేనాయె."

తెర పక్కకి తొలగించి చూశాను. వదిన కొంగుముడి విప్పి, పొద్దున నేను పళ్ళెంలో పెట్టిన గోలీని సిస్టర్ అరిచేతిలో పెడుతోంది. సాయంత్రం అన్నం తిన్నాక వేసుకుందామని భద్రంగా ముడేసుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను. శనివారం వదినకి ఒక్కపొద్దని నాకు తెలియదా? బాగా తెలుసు. ఆ ఉపవాసాన్నీ ఈ గోలీనీ పక్కపక్కన పెట్టి చూడటం మాత్రం నాకు చేతకాలేదు. రాత్రి నుంచీ ఖాళీ కడుపు, మందు లేదు, పైగా పక్కన నా నస. బీపీ పెరగక ఏం చేస్తుంది? సిస్టర్ డాక్టరుతో మాట్లాడి వచ్చి, మంగళవారం పొద్దున టిఫిన్ తిని, గోలీ వేసుకుని రమ్మంది. మందులుండగా ఉపవాసం ఎట్లా చెయ్యాలో డాక్టరుని అడగమని కూడా చెప్పింది.

బయటికొచ్చి ఫుట్‌పాత్ మీద నిలబడగానే నా నోరు లేచింది. "మూడుసార్లు వదినా. మూడుసార్లు తిప్పి పంపారు. గోలీ వేసుకోలేదని ఒక్క ముక్క చెప్పచ్చు కదా?"

"ఎవ్వలకు జెప్పాలె?" అంది. గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. "సిస్టర్ నన్ను అడిగితె నువ్వు జెప్తివి. అన్ని నీకే ఎర్క గద. ఇది గూడ ఎర్కే అనుకున్న."

నేను చెయ్యెత్తి ఆటో ఆపాను. ఇంటికెళ్ళి ఫ్రిజ్ మీది కాగితం చింపేశాను. దాని తప్పేం లేదు పాపం, దాన్ని నేను ఎవరి కోసం తెచ్చానో అదే తప్పు.

మంగళవారం సెలవు పెట్టాను. వదిన నా ఎదురుగా రెండు ఇడ్లీలు తిని గోలీ వేసుకుంది. ఈసారి పళ్ళెం వైపు చూడలేదు, ఆమె వైపే చూశాను. దవాఖానలో అదే సిస్టర్. ప్రశ్నలు అడుగుతుంటే నేను పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. వదిన ఒక్కొక్కదానికీ తన తీరులో జవాబు చెప్పింది. బీపీ నూట ముప్ఫై ఎనిమిది. కంట్లో చుక్కలు వేశారు, ఆకుపచ్చ గౌను తొడిగారు, నుదుటి మీద కుడికన్ను పైన స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టారు. సంతకానికి కాగితం నా చేతికిచ్చారు. ఏదైనా జరగరానిది జరిగితే అని మొదలైన వాక్యం దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. అక్షరాలు కదిలాయి. గోడ పట్టుకున్నాను.

సిస్టర్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఆ పట్టీ నా చేతికి కట్టింది. నూట డెబ్భై ఎనిమిది, కింది అంకె నూట పది. "మేడమ్, మీకెప్పటి సంది ఉంది బీపీ?" అని అడిగింది. లేదండీ, నాకేం లేదు అనబోయాను. అనలేక, ఎప్పుడూ చూపించుకోలేదన్నాను.

లోపల్నుంచి వదిన పేరు పిలిచారు. ఆమె లేవలేదు. మళ్ళీ పిలిచారు. ఇప్పుడు వెళ్ళకపోతే తర్వాతి వాళ్ళని తీసుకుంటారు, వదిన వంతు ఎప్పటికో. "వెళ్ళండి వదినా, నాకేం కాలేదు" అన్నాను. పిడికిళ్ళు బిగించి వదిలాను. నాలుగు లెక్కపెట్టి పీల్చబోతే రెండు దగ్గరే ఆగిపోయింది. ఆమెకి నేర్పినవన్నీ ఒక్కొక్కటీ చేసి చూశాను, ఒక్కటీ పనిచేయలేదు.

"జర ఆగుండ్రి, వస్తున్న" అని వదిన లోపలికి చెప్పి, నా పక్క కుర్చీలోకి జరిగింది. "ఇప్పుడు జెప్పు. ఏంది నీ భయం?"

"మా నాన్న సంగతి మీకు తెలుసు కదా."

"ఎర్కనే. షుగరున్నదని ఎవ్వలు జెప్పలే అంటివి."

"ఎవరూ చెప్పకపోవడం కాదు వదినా. అడిగారు. అప్పట్లో ఇన్ని పరీక్షలు చేసేవాళ్ళు కాదు, అడిగి రాసుకునేవాళ్ళు. షుగరుందా అని నాన్న వైపు చూసి అడిగితే, ఆయన నోరు తెరిచేలోపు నేను లేదండీ అనేశాను. నాకు తెలియదు. తెలియకుండానే అన్నాను." ముప్ఫై ఏళ్ళలో ఈ మాట మా అమ్మకి చెప్పలేదు, మా వారికి చెప్పలేదు. దవాఖాన వరండాలో, గౌను తొడుక్కున్న మనిషికి, లోపల డాక్టరు ఎదురుచూస్తుండగా చెప్పాను. చెబుతుంటే సిగ్గేసింది, చెప్పాక ఇంకా సిగ్గేసింది.

వదిన నా వైపు తిరిగింది. "మీ నాయన ఏమన్నడు మరి?" అని అడిగింది.

"ఏమీ అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు."

"రోజు పొద్దుగాల నువ్వు ఆఫీసుకు పోకముందు బస్సెక్కి మీ నాయనింటికి పోయి పేపర్ చదువుతుంటివి. పెండ్లయినప్పటి సంది పోతుంటివి, నేను చూసిన గద. గా ఇంట్ల ఇంకెవ్వలకు చదువు రాదా?"

"మా అన్నయ్య ఉన్నాడు. చదువుతానంటే నాన్న వద్దనేవారు. నేను వచ్చేదాకా ఆగుతాననేవారు."

"కోపమున్నోడు రోజు పొద్దుగాల నీ గొంతే ఎందుకు కావాలంటడే పిచ్చిదానా" అంది వదిన. అని లేచి, గౌను సర్దుకుని, సిస్టర్ చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను కుర్చీలో కూర్చుని ఏడ్చాను. చుట్టూ జనం ఉన్నారని తెలుసు, ఆపుకోలేదు. ఎంతసేపు ఏడ్చానో కూడా తెలియదు. సిస్టర్ మళ్ళీ నా బీపీ చూడటానికి వచ్చేసరికి, వదిన కుడికంటికి కట్టుతో బయటి బెంచీ మీద కూర్చుని చాయ్‌లో బిస్కెట్ ముంచుకుని తింటోంది.